వేట నిషేధంలో డీజిలెవరు కొడతారు?

వెంచర్ కాపిటల్‌లో, అంటే కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఫండ్‌లో, నాలుగేళ్ళు పనిచేసి బయటికొచ్చాను. నా వయసుకి దాన్ని రిటైర్మెంట్ అనకూడదు గానీ, నడుం నొప్పి మాత్రం ఆ స్థాయిలోనే ఉంది. ఎంబీఏ చదువుతున్న చెల్లెళ్ళు కొందరు "అక్కా, ఫండ్‌లో పనెలా ఉంటుంది?" అని మెసేజ్‌లు పెడుతుంటారు. ఎదురుగా నిలబడి అడిగితే నేను చెప్పలేను. నలుగురు నా వైపు చూస్తే నా గొంతు కడుపులోకి దిగిపోతుంది. రాయమంటే మాత్రం రాస్తాను. డైరీ రాసే అలవాటున్నదాన్ని, మొదలుపెడితే చెయ్యి ఆగదు.

ఫండ్ అనగానే మీరు పెద్ద ఇనప్పెట్టె ఊహించుకుంటారు. నేనూ అలాగే ఊహించుకుని చేరాను. చేరిన వారంలోనే తెలిసింది, మా ఫండ్‌లో డబ్బు లేదని. డబ్బిస్తామన్న మాట మాత్రం ఉంది.

చట్ట ప్రకారం మా ఫండ్ ఒక ట్రస్టు. పేరు చూసి అన్నదానం చేస్తుందనుకోకండి. ట్రస్టుకి కాపలాగా ట్రస్టీ అనే కంపెనీ ఒకటి ఉంటుంది. అది ముంబైలో కూర్చుని, మేం పంపిన కాగితాల మీద సంతకాలు పెట్టి ఫీజు తీసుకుంటుంది. డబ్బు పెట్టేవాళ్ళు ఇన్వెస్టర్లు, ఫండ్ భాషలో ఎల్పీలు. ఒక్కొక్కరూ ఇంత ఇస్తామని ఒప్పందంలో రాసిస్తారు. కోటికి తక్కువైతే రూల్సు ఒప్పుకోవు. రాసిచ్చిందంతా ఒకేసారి ఇవ్వరు. కంపెనీలో పెట్టుబడి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా మేం నోటీసు పంపుతాం, ఎవరి వంతు వాళ్ళు గడువులోగా పంపాలి. దాన్ని డ్రాడౌన్ అంటారు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది మేనేజర్. మేనేజర్ అంటే మనిషి కాదు, ఒక కంపెనీ. ఆ కంపెనీ అంటే విశాఖ సిరిపురంలో ఒక అద్దె గది, మా సార్, ఎకౌంట్స్ సార్, నేను, ఏనాడూ పనిచేయని ఒక కాఫీ మిషను.

నాకర్థమైనంతలో ఈ వ్యాపారం నిర్మాణం ఇదీ: డబ్బు పెట్టినవాళ్ళు నోరు మూసుకోవాలి, నోరున్నవాళ్ళు పెద్దగా డబ్బు పెట్టనక్కర్లేదు. పదేళ్ళకి ఫండ్ మూసేటప్పుడు అసలూ, దాని మీద ముందే అనుకున్న రాబడీ ఇన్వెస్టర్లకి ముట్టాక, మిగిలిన లాభంలో ఐదో వంతు మేనేజర్ది. దాని పేరు క్యారీ. అది వచ్చేదాకా మేనేజర్ బతకాలి కదా, అందుకని ఇన్వెస్టర్లు రాసిచ్చిన మొత్తం మీద ఏటా రెండు శాతం ఫీజు. కంపెనీలు మునిగినా తేలినా ఫీజు వస్తుంది. మా జీతాలు అందులోంచే. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మా సార్ ముంబైలో ఎవరి ఫండ్‌లోనో పనిచేసి, సొంతంగా పెడదామని విశాఖ వచ్చారు. హైదరాబాద్ డబ్బున్నవాళ్ళు ఆయన ఫోనెత్తలేదు. ఊళ్ళో కాంట్రాక్టర్లు స్థలాలు తప్ప ఇంకేమీ నమ్మలేదు. చివరికి ఎవరో చెబితే ఫిషింగ్ హార్బర్‌లో డబ్బుందని కనిపెట్టారు. మరబోట్లున్నవాళ్ళు, రొయ్యల ఎగుమతి చేసేవాళ్ళు, ఐస్ ప్లాంట్లవాళ్ళు. వాళ్ళని హోటల్‌కి పిలిచి, తెర మీద బోటు బొమ్మ వేశారు.

"ఫండ్ అంటే బోటే అనుకోండి," అన్నారు సార్. "మీరు ఓనర్లు. నేను డ్రైవర్ని. డీజిలూ ఐసూ మీవి, నడపడం నాది. వేటలో వచ్చిన దాంట్లో ముందు మీ ఖర్చులు మీకు, ఆ తర్వాత వాటాలు."

ఆయన వేసింది ఏ విదేశాల్లోదో, తెల్లటి తెరచాప పడవ. ముందు వరసలో ఒకాయన దాన్ని ఎగాదిగా చూసి పక్కాయన్ని అడిగాడు.

"ఐసెక్కడ పోత్తారు బావా ఇందులో?"

"ఐసేటి, సేప ఎక్కడేత్తారో సూపించమను ముందు."

అయినా అందరూ సంతకాలు పెట్టారు. ఫండ్ అర్థమై కాదు, బోటు అర్థమై. బోటు మీద వాటాల లెక్క వాళ్ళకి పుట్టుకతో తెలుసు. నేను పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ అయితే అందుకు కూడా కాదు. ఆమెకి హార్బర్‌లో నాలుగు బోట్లున్నాయి. ఆమె మరిదికీ అన్నే ఉన్నాయి. మరిది కోటి రాశాడు కాబట్టి ఆమె కోటిన్నర రాసింది. "ఆడు ఏటి సేసినా నాను దానికి ఒక మెట్టు పైన సేత్తాను, అంతే," అని నా ఎదుటే ఫారం మీద సంతకం పెట్టింది. పెట్టుబడి సిద్ధాంతాలు చాలా చదివాను, ఇంత నిజాయితీ అయినది ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

మొదటిరోజు నేనామెని మేడమ్ అన్నాను.

"మేడమేటే? నాను నీకు లెక్కలు సెప్పినానా?"

అప్పట్నుంచీ పెద్దమ్మ.

ఇక ఆ బోటులో మొదటి వేట పెట్టెలాయన. ఎలమంచిలి దగ్గర రైతుల కుటుంబం వాళ్ళది. వంకాయలు సంతకి చేరేలోపు వాడిపోతున్నాయని ఒక చల్లని పెట్టె తయారుచేశాడు. పగలు ఎండతో నడుస్తుంది, ఐసు కొద్దిగా చాలు. వంకాయలకంటే చేపలకి బాగా పనికొస్తుందని తేలి, బుట్టలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్ళ కోసం చిన్న సైజు చేశాడు. కూర్మన్నపాలెంలో షెడ్డు తీసుకున్నాడు. మేం మొదటి విడత ఇచ్చాం. నమూనా బాగా వచ్చింది. రెండో విడతతో సరుకు తయారవ్వాలి. నాకంటే ఆరేడేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనేవాడు. డబ్బిచ్చే ఆఫీసులో అందరూ అక్కలూ అన్నలే.

ఆ రెండో విడత కోసం నోటీసు పంపాం. ఎప్పుడనుకున్నారు? ఏప్రిల్ చివర్లో.

తీరంలో పుట్టినవాళ్ళకి ఈపాటికి నవ్వొచ్చుండాలి. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్యదాకా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మరబోట్లన్నీ జెట్టీకి కట్టేస్తారు. రంగులు, ఇంజను రిపేర్లు, వలలు కుట్టడం. చేతిలోంచి పోవడమే తప్ప పైసా రాదు. మా సార్ విశాఖలో మూడేళ్ళుగా బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తున్నారు గానీ, బోట్లు ఎందుకు కదలట్లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. నేను కూర్మన్నపాలెం స్టీల్ ప్లాంటు క్వార్టర్స్ పిల్లని. మాకు షిఫ్టు సైరను తెలుసు, సముద్రం ఆదివారాలకి మాత్రమే తెలుసు. ఎకౌంట్స్ సార్ స్టీల్ ప్లాంటులో ఆడిట్ చేసి రిటైరైన మనిషి. శాకాహారి. చేపల గురించి ఆయన అభిప్రాయం అడగడమే తప్పు.

నోటీసు ఇంగ్లీషులో ఈమెయిల్‌గా వెళ్ళింది. ఈ ఈమెయిల్ ఐడీలన్నీ సంతకాలనాడు హోటల్ పక్క జిరాక్సు షాపులో తీయించినవే. పాస్‌వర్డులు ఆ షాపతనికి తప్ప ఎవరికీ తెలియవు. అనుమానమొచ్చి ఫోన్లు కూడా చేశాను. అందరూ "అలాగేనమ్మా, సూద్దారి" అన్నారు. గడువు దాటింది. ఎకౌంట్స్ సార్ బ్యాంకు పేజీ తెరిచి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసి, "ఏమీ రాలేదు. ఏమీ అంటే బొత్తిగా ఏమీ," అన్నారు. ఆ మాటలో ఆయనకి కొంచెం తృప్తి కూడా ఉందని నా అనుమానం. ఈ ఫండ్ నిలబడదని చేరిన రోజే చెప్పారాయన.

పెట్టెలాయన ఫోను.

"అక్కా, వెల్డర్లు నాలుగు వారాలుగా ఖాళీ సేతుల్తో ఉన్నారు. స్టీల్ ప్లాంట్లో రిపేర్లకి షట్‌డౌన్ పనులు మొదలవుతున్నాయంట. కాంట్రాక్టరు మా షెడ్డుకే వచ్చీసి పిలుత్తన్నాడు. ఈ వారం నాను ఏదో ఒకటి సేతిలో పెట్టకపోతే ఎల్లిపోతారు. ఎల్లినోళ్ళు మరి రారు."

"నిషేధం అయ్యాక వస్తుందేమో డబ్బు..."

"అప్పుడొత్తే ఏటి సేసుకోను? బోట్లు సముద్రంలోకి దిగిన రోజే సేపలొత్తాయి, ఆ రోజే ఆడోళ్ళు పెట్టెలు కొంటారు. ఆ రోజుకి పెట్టెలు లేకపోతే నాను షెడ్డు ఖాళీ సేసి వంకాయలు అమ్ముకోడమే."

చివర్లో నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

సార్‌కి చెప్పాను. ఆయన ఒప్పందం తీసి డిఫాల్ట్ క్లాజు చూపించారు. గడువుకి డబ్బు పంపని ఇన్వెస్టరు అప్పటికే పెట్టినదాంట్లో సగం వాటా పోగొట్టుకుంటాడు. "దిస్ ఈజ్ ఎ పవర్‌ఫుల్ క్లాజ్. వాళ్ళని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాలి," అన్నారు.

ఎవరు?

ఎకౌంట్స్ సార్‌కి ఆ ఉదయం సుగర్ టెస్టు ఉందన్నారు. సార్ ఏమో తాను లోపలికొస్తే బేరాలాడతారనీ, జూనియర్ వెళ్తే సీరియస్‌గా తీసుకుంటారనీ అన్నారు. ఈ తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మొత్తానికి ఆయన కారు హార్బర్ గేటు లోపల, చెట్టు నీడలో ఆగింది. ఏసీ వేసుకుని ఆయన అందులోనే ఉన్నారు. నేను దిగాను.

వేట లేని హార్బర్‌లో చేపల వాసన ఉండదు. పెయింటు వాసన. నీలం, ఎరుపు డబ్బాలు తెరిచి బోట్ల ముక్కులకి రంగులేస్తున్నారు. వలల కుప్పల మీద కూర్చుని కుట్టేవాళ్ళు నన్ను చూసి, కొత్త స్కూలు టీచరనుకుని దారిచ్చారు. ఐస్ ప్లాంటు మేడ మీద గదిలో ఇన్వెస్టర్లు పదిమందికి పైనే ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమ్మ, ఆమెకి ఎదురుగా మరిది, ఇద్దరి మధ్యా ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి. నన్ను అందులో కూర్చోబెట్టారు.

కాగితం తీసి చదివాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"గట్టిగా సదువే గుంటా, ఇంజనాయిల్ పొయ్యాలేటి?" అంది పెద్దమ్మ. ఈ వైపు గుంట అంటే ఆడపిల్ల.

గట్టిగా చదివాను. సగం వాటా పోతుంది అన్న చోటికి వచ్చేసరికి అందరూ భయపడాలి. మరిది పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"నిషేధంలో డీజిలు కొట్టమంటన్నారురా బాబూ! కొట్టకపోతే బోటు లాక్కుంటారంట!"

"అదికాదండీ, ఇది డీజిలు కాదు..." అన్నాను.

"మీ సారే కదేటి డీజిలన్నాడు, హోటల్లో?" అంది పెద్దమ్మ. "ఫండూ బోటే, తేడా లేదన్నాడు. మరి బోటు కట్టీసి ఉంటే డీజిలు ఎవులు కొడతారు? మేమందరం ఫండు కూడా కట్టీసుంటాదనే అనుకున్నాం."

గదిలో అందరూ తలలూపారు. వాళ్ళు ఎగ్గొట్టలేదు. దాచలేదు. సార్ చెప్పిన పోలికని సార్ కంటే శ్రద్ధగా పాటించారు, అంతే.

అక్కడ నాకు నోటి మాట రాకూడదు. నా స్వభావానికి అదే సహజం. కానీ పెట్టెలాయన ఆగిపోయిన నవ్వు చెవిలో తిరుగుతోంది.

"వెల్డర్లు వెళ్ళిపోతారు పెద్దమ్మా," అన్నాను.

"ఏ వెల్డర్లు?"

"పెట్టెల షెడ్డులో వాళ్ళు. ప్లాంటు షట్‌డౌన్ పనికి పిలుస్తున్నారు. ఈ వారం చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. బోట్లు దిగే రోజుకి పెట్టెలుండవు."

నవ్వులు ఆగిపోయాయి. మరిది కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఆ ముక్క ముందు సెప్పొద్దేటి? కలాసీలు ఎల్లిపోతన్నారని?"

కథ మధ్యలో ఆపి చెప్పాల్సిన సంగతి ఇది. నిషేధంలో బోటుకి డీజిలు కొట్టరు గానీ, కలాసీలకి, అంటే బోటు మీద పనిచేసేవాళ్ళకి, అడ్వాన్సు ఇస్తారు. ఇవ్వకపోతే వాళ్ళు గుజరాత్ బోట్లకి వెళ్ళిపోతారు, జూన్లో నడిపేవాడుండడు. ఆ గదిలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఏదో ఒక ఏడు కలాసీలని పోగొట్టుకుని, రంగులేసిన బోటుని జెట్టీలో చూసుకుంటూ కూర్చున్నవాళ్ళే. మా నోటీసులో ఉన్నది డీజిలు కాదు, అడ్వాన్సు. ఇరవై పేజీల ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే లేదు.

"ఎంతవుద్ది?" అంది పెద్దమ్మ.

నోటీసులో అంకె చెప్పాను. ఆమె కళ్ళు చికిలించింది.

"వెల్డర్లకీ రేకులకీ ఇంతెందుకవుద్ది? ఇంకేటుంది ఇందులో?"

"అర్ధ సంవత్సరం మేనేజ్‌మెంట్ ఫీజు కూడా కలిపి ఉందండీ."

"అంటే?"

"అంటే... మా సార్ ఫీజు."

"డ్రైవర్‌కా?" అన్నాడు మరిది. "నిషేధంలో? బోటు కట్టీసుంటే డ్రైవర్‌కి జీతమా?"

"ఎల్లి అడిగిరా," అంది పెద్దమ్మ నాతో. "కలాసీల అడ్వాన్సు రేపు కొట్టేత్తాం. డ్రైవర్ది బోట్లు దిగినాక."

మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళాను. సార్ అద్దం కొంచెం దించారు. విన్నారు. "ఫీజు ఈజ్ నాన్ నెగోషియబుల్. ఇది కాంట్రాక్టు. వాళ్ళు ఎల్పీలు, వాళ్ళకి మాట్లాడే హక్కు లేదు," అన్నారు. అద్దం పైకెళ్ళింది. మెట్లెక్కి గదిలో చెప్పాను. మాట్లాడే హక్కు లేదన్న ముక్క మింగేశాను. పెద్దమ్మ ఇంకో మాట పంపింది. మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను. వలలు కుట్టే ఒకామె నా మీద జాలిపడి మజ్జిగ ఇచ్చింది. ట్రస్టీ అంటే ఏమిటో ఆ మెట్ల మీదే అర్థమైంది నాకు. ఇరుపక్షాలకీ బాధ్యురాలు, ఎవరి మాటా తనది కాదు, కాళ్ళ నొప్పి మాత్రం తనదే. తేడా ఏమిటంటే ముంబైవాళ్ళకి దీనికి ఫీజు ఇస్తారు.

చివరికి పెద్దమ్మ లేచింది. కొంగు నడుముకి దోపి, నా వెనకే మెట్లు దిగి, కారు అద్దం మీద ఉంగరంతో టకటకా కొట్టింది. గదిలోవాళ్ళందరూ పిట్టగోడ మీంచి వంగి చూస్తున్నారు. అద్దం బెత్తెడు దిగింది.

"ఏటి నాయినా, డ్రైవర్‌వి కదా, ఒడ్డునే కూకుండిపోనావ్?"

"అదికాదమ్మా, ఇన్ఫెక్షన్... డస్ట్ ఎలర్జీ..."

"సరేగానీ, నీ పెట్టెల అబ్బాయికి ఎంతో అంత రేపు పంపుతాం. నీ ఫీజు బోట్లు దిగినాక. ఒప్పుకుంటావా, లేపోతే మా అందరివీ సగం సగం లాగీసుకుంటావా? లాగీసుకో. లాగీసుకుని నువ్వొక్కడివే నడుపుకో బోటు."

సార్ లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. అందరూ డిఫాల్ట్ అయితే ఎవరి వాటా ఎవరికిస్తారు? ఆ పవర్‌ఫుల్ క్లాజు ఒక్కడు తప్పుకుంటే పనిచేస్తుంది. ఊరంతా తప్పుకుంటే కాగితం. అద్దం ఇంకొంచెం దిగింది.

"ఓకే అమ్మా. ఫీజు తర్వాతకి డిఫర్ చేద్దాం."

"మంచిది. ఇంకోటి. ఈ గుంటకేటి వాటా?"

నేను కారు వెనక్కి వెళ్ళి దాక్కునే ప్రయత్నం చేశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"షీ ఈజ్ ఆన్ శాలరీ అమ్మా."

"నీ ఫీజు ఆగితే దీని జీతమూ ఆగుద్ది కదా? బోటులో వంటోడికీ వాటా ఉంటాది నాయినా. పొద్దుట్నుంచీ మెట్లెక్కి దిగుతోంది ఇదొక్కర్తే. నీకొచ్చేదాంట్లో ఇంత దీనికి రాయి. ఇంత లేకపోతే రేపు నా డబ్బు రాదు. నాది రాకపోతే మా మరిదిదీ రాదు."

పిట్టగోడ మీంచి మరిది అరిచాడు: "వదినది రాకపోతే నాదసలే రాదు!" వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం హార్బర్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదట.

మర్నాడు మధ్యాహ్నానికి ఫీజు తప్ప డబ్బంతా వచ్చింది. ఎకౌంట్స్ సార్ అద్దాలు రెండుసార్లు తుడుచుకున్నారు. సుగర్ రిపోర్టు నార్మల్ అని కూడా చెప్పారు, ఎవరూ అడక్కపోయినా. పెట్టెలాయనకి ఫోన్ చేస్తే అవతల గ్రైండర్ రొదే తప్ప మాట వినిపించలేదు. అదే జవాబనుకుని పెట్టేశాను.

నిషేధం అయ్యేదాకా మాకు జీతాల్లేవు. నేను అమ్మని డబ్బడిగాను. ఎకౌంట్స్ సార్ పెన్షన్ మీద నడిపారు. సార్ వాకింగ్‌కి కొత్త బూట్లు కొనడం వాయిదా వేశారు. మధ్యలో ఒకరోజు పెద్దమ్మ ఆఫీసుకి ఎండుచేపల సంచి పంపించింది, "అడ్వాన్సు" అని కబురుతో. కాఫీ మిషను పక్కన పెట్టాం. శాకాహారి ఎకౌంట్స్ సార్ ఆ వారమంతా వరండాలో కూర్చుని పనిచేశారు.

జూన్లో బోట్లు దిగాయి. కొబ్బరికాయలు, పూలదండలు, హారన్లు. మొదటి చేపలు తెల్లవారకముందే జెట్టీ మీద పడ్డాయి. పెట్టెలాయన అప్పటికే రెండు వ్యాన్లతో గేటు దగ్గరున్నాడు. వెల్డర్లు కూడా వచ్చారు, తాము చేసిన పెట్టెలు ఎవరు కొంటారో చూడ్డానికి. ఎగబడి కొనలేదు. బేరాలాడారు, మూత బరువన్నారు, రంగు బాలేదన్నారు. తెల్లారేసరికి ఒక వ్యాను ఖాళీ, రెండో దాంట్లో సగం మిగిలింది. పెట్టెలాయన మిగిలిన సగానికి ఆనుకుని టీ తాగుతూ, "షెడ్డు అద్దె కట్టేత్తానక్కా," అన్నాడు. ఈసారి నవ్వు పూర్తిగా నవ్వాడు.

ఆ తర్వాత ముంబై లాయరు ఒప్పందానికి సవరణ రాశాడు. "సముద్ర చేపల వేట నిషేధ కాలంలో మేనేజర్ ఫీజు నిమిత్తం డ్రాడౌన్ చేయరాదు" అని చాలా గంభీరమైన ఇంగ్లీషులో. దేశంలో ఇంకే ఫండ్‌లోనైనా ఈ వాక్యం ఉందేమో నాకు తెలియదు. ఉంటే ఆ ఫండ్ మేనేజర్‌కీ డస్ట్ ఎలర్జీ ఉండే ఉంటుంది. దాని కిందే ఇంకో పేరా. సార్ క్యారీలో నాకు చిన్న ముక్క. ఎంత చిన్నదంటే, లాయరు దశాంశ బిందువు తర్వాత ఎన్ని సున్నాలో ఫోన్ చేసి కనుక్కున్నాడు.

మీరు అడుగుతారు, మరి ఎందుకు మానేశారని. చదువుకోవాలనిపించింది, చదువుకుంటున్నాను. కానీ ఆ ముక్క మాత్రం నా పేరు మీదే ఉంది, ఉద్యోగం మానినా పోదు. ఫండ్ మూసేనాటికి లాభముంటే నాకేదో వస్తుంది. లేకపోతే సున్నాలో కొంత శాతం వస్తుంది. ఈ లైన్లోకి రండి గానీ చెల్లెళ్ళూ, జీతం మాట్లాడుకునేటప్పుడు వంటవాడి వాటా కూడా అడగండి. మీ తరఫున కారద్దం మీద కొట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండరు.

మా వీధిలోకి చేపలమ్మే ఆమె ఆ పెట్టెతోనే వస్తుంది. నీలం రంగు, మూల కొంచెం సొట్టపోయింది. బేరం కుదిరాక కబుర్లలో పడి మూత తెరిచి అలాగే వదిలేస్తుంది. ఎండ సూటిగా లోపలికి పడుతుంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో నేను మాట్లాడలేను, మీకు తెలుసు. అందుకే ఏమీ అనను. గేటు తీసుకుని వెళ్ళి, మూత వేసి, ఇంట్లోకి వచ్చేస్తాను.

"ఏటమ్మా, రోజూ నువ్వేత్తన్నావు, నీదేటి పెట్టె?" అని నిన్న అడిగింది.

"కొంచెం," అన్నాను.